నెల్లూరు వంటింటికి నల్ల గట్టా, తెల్ల గట్టా? కప్‌బోర్డులకు ఏ రంగు బాగుంటుంది?

వేదాయపాళెం కోడలు
అందరికీ నమస్కారం. నెల్లూరు వేదాయపాళెంలో మాది పాత ఇల్లు. ఇప్పుడు వంటిల్లు కొత్తగా చేయిస్తున్నాం. గది 10 అడుగులు, 8 అడుగులు, ఆగ్నేయం మూల. తూర్పున ఒకటే కిటికీ, దానికి ఎదురుగా పక్కింటి గోడ. అందుకే పగలు కూడా లైటు వెయ్యాల్సిందే. ప్రస్తుతం ఉన్నది కడప బండ గట్టు, కింద కూడా కడప బండ అరలే, తలుపులు లేవు.

నాకేమో తెల్ల క్వార్ట్జ్ గట్టు, లేత బూడిద రంగు కప్‌బోర్డులు కావాలని ఉంది. గది కాస్త వెలుగ్గా కనపడుతుందని నా ఆశ. అత్తయ్య మాత్రం చీమకుర్తి నల్ల గెలాక్సీ గ్రానైటే వెయ్యాలంటున్నారు. పక్కనే బంగారం లాంటి రాయి దొరుకుతుంటే ఎక్కడి నుంచో తెచ్చిన ప్లాస్టిక్ కలిపిన రాయి ఎందుకు అని ఆమె మాట. మా ఇంట్లో చేపల పులుసు వారానికి కనీసం రెండుసార్లు ఉంటుంది. నీళ్ళు బోరువి, ఉప్పుగా ఉంటాయి. గట్టు మీదే గ్రైండరు, మిక్సీ, రెండు పెద్ద కుక్కర్లు. బడ్జెట్ మధ్యరకం. దయచేసి వాడినవాళ్ళు చెప్పండి. రాయి ఆర్డర్ ఇచ్చేస్తే మళ్ళీ మార్చలేం కదా, అదే టెన్షన్.

కావలి టీచర్
అమ్మాయ్, మా ఇంట్లో తెల్ల క్వార్ట్జ్ ఉంది, కొన్నేళ్ళుగా వాడుతున్నాను. అందం విషయంలో వంక పెట్టలేను. కానీ పసుపు సంగతి ముందే తెలుసుకో. పులుసు చుక్క పడితే వెంటనే తుడిస్తే ఏమీ ఉండదు. రాత్రి పడింది పొద్దున చూస్తే మాత్రం పచ్చని గుర్తు కనపడుతుంది. వంట సోడా పేస్టులా కలిపి కాసేపు ఉంచితే చాలావరకు పోతుంది. బ్లీచింగ్ ద్రవాలు మాత్రం వాడకు, అందులో రాతి పొడిని అంటిపెట్టే రెసిన్ అనే జిగురు పాడవుతుంది.

ఇంకో సంగతి వేడి. క్వార్ట్జ్ అంటే దాదాపు 90 శాతం రాతి పొడి, మిగతాది రెసిన్, రంగులు. రాయికి వేడి లెక్క కాదు, రెసిన్‌కి లెక్కే. పొయ్యి మీంచి దించిన మూకుడు నేరుగా పెడితే అక్కడ రంగు మారుతుంది, ఆ మచ్చ ఇక పోదు. మా ఇంట్లో కొయ్య పీట లేకుండా గిన్నె దించేది లేదు. వంట చేసే అందరికీ ఆ అలవాటు ఉంటేనే క్వార్ట్జ్ పెట్టుకో.

రాయి రంపం
చెల్లెమ్మా, నేను చీమకుర్తిలో పాలిష్ యూనిట్‌లో పనిచేస్తాను. మీ అత్తయ్యగారి మాటలో న్యాయం ఉంది. గెలాక్సీ మన ఒంగోలు నుంచి పొదిలి పోయే దారిలోనే దొరుకుతుంది. ఆ బంగారు చుక్కలు పైన వేసిన రంగు కాదు, రాయిలోనే ఉన్న కంచు రంగు ఖనిజం. నీళ్ళు పీల్చుకోవడం చాలా తక్కువ. చింతపండు, నిమ్మకాయ దాన్ని ఏమీ చెయ్యలేవు. మార్బుల్ అయితే పులుపు తగిలిన చోటల్లా మెరుపు పోతుంది, ఎందుకంటే అది సున్నపు జాతి రాయి. మీ ఇంట్లో ఉన్న కడప బండ కూడా సున్నపు జాతిదే. పొయ్యి పక్కన ఎప్పుడో తెల్లగా మసకబారి ఉంటుంది, చూసుకోండి.

అయితే నల్ల రాయి కొనేటప్పుడు ఒక జాగ్రత్త. కొంచెం బూడిద రంగున్న రాయికి నల్ల రంగు పట్టించి అమ్మేవాళ్ళు ఉంటారు. గోళ్ళ రంగు తుడిచే ద్రవం తెల్ల గుడ్డ మీద వేసి రాతిని గట్టిగా రుద్దండి. గుడ్డకు నలుపు అంటితే ఆ రాయి వద్దు. గెలాక్సీలో అయితే చుక్క చిన్నదా పెద్దదా, ఒత్తుగా ఉందా పలచగా ఉందా అన్నదాన్ని బట్టి ధర మారుతుంది. చేతిలో పెట్టే చిన్న ముక్క చూసి ఒప్పుకోవద్దు. మీ గట్టుకు కొయ్యబోయే స్లాబు నిలబెట్టి, నీళ్ళు పోసి, అటు నుంచి ఇటు నుంచి వెలుతురులో చూడండి. గీతలు, మచ్చలు ఉంటే అప్పుడే తెలుస్తాయి.

దర్గామిట్ట
నేను ఇళ్ళ డిజైన్ పని చేస్తుంటాను. వెలుగు గురించి ఒక మాట. తెల్ల గట్టు వేస్తే గది వెలుగ్గా ఉంటుందని చాలామంది అనుకుంటారు. గట్టు వెడల్పు 2 అడుగులు. దాని మీద పొయ్యి, గ్రైండరు, డబ్బాలు పెట్టాక బయటికి కనపడేది ఎంత? గుమ్మంలో నిలబడి చూస్తే కంటికి నిండుగా కనపడేవి షట్టర్లు, అంటే కప్‌బోర్డు తలుపులు, గట్టు పైన గోడకు వేసే టైల్స్, సీలింగ్. వంటింటి వెలుగు వాటి చేతిలో ఉంది. గట్టు నల్లగా ఉన్నా పై కప్‌బోర్డులు, టైల్స్ లేత రంగువైతే గది చీకటిగా అనిపించదు. గట్టు తెల్లగా ఉండి షట్టర్లు ముదురు రంగైతే అనిపిస్తుంది. అందుకని మీరిద్దరూ గొడవ పడాల్సిన పని లేదు.

కిటికీకి గోడ అడ్డం కాబట్టి పై కప్‌బోర్డుల అడుగున ఎల్‌ఈడీ ప్రొఫైల్ లైట్ పెట్టించండి. సీలింగ్ లైటు ఒక్కటే ఉంటే మన నీడ మనం తరిగే కూరల మీదే పడుతుంది. మరీ పచ్చగా, మరీ నీలంగా కాకుండా 4000 కెల్విన్ లైటు తీసుకుంటే కూర రంగు ఉన్నది ఉన్నట్టు తెలుస్తుంది.

వేదాయపాళెం కోడలు
దర్గామిట్ట గారూ, ఈ మాట నాకు తట్టనే లేదు. మొబైల్లో చూసిన వంటిళ్ళన్నిటికీ పెద్ద కిటికీలు ఉన్నాయి, గట్టు మీద ఒక పూలకుండీ తప్ప ఏమీ లేదు. మాది అలా ఉండదు. అయితే నల్ల గెలాక్సీకి ఒప్పుకోవచ్చా?

అంబాపురం అక్క
ఆగు తల్లీ. మాది నెల్లూరే, బోరు నీళ్ళే, నల్ల గ్రానైటే. సింక్ చుట్టూ ఉప్పు మరక గురించి ఎవరూ చెప్పలేదు. నీటి చుక్క ఆరిన చోటల్లా తెల్లటి ఉంగరం. నల్ల రాతి మీద అది కొట్టొచ్చినట్టు కనపడుతుంది. గిన్నెలు తోమిన ప్రతిసారీ పొడి గుడ్డతో తుడిస్తేనే బాగుంటుంది. పనిమనిషి తుడవదు, మనమే తుడవాలి. పదిహేను రోజులు వదిలేస్తే కుళాయి మొదట్లో పొరలా పేరుకుంటుంది, గోకితే తప్ప రాదు. తాగునీటి కుళాయి సింక్‌కి ఇచ్చుకునే వీలుంటే సరే. లేకపోతే నిగనిగలాడే నల్ల రాయి మన నీళ్ళకు సరిపడదని నా గట్టి అభిప్రాయం.

పొదిలి పెద్దాయన
అంబాపురం అమ్మాయి చెప్పింది అక్షరాలా నిజం. మా వైపు నీళ్ళు ఇంకా కఠినం. ఆ మరక మీద యాసిడ్ పోసి కడిగేవాళ్ళున్నారు, బాత్రూం యాసిడ్ రాతి మీద పోయవద్దు. పాలిష్ పోతుంది, స్టీల్ సింక్ నల్లబడుతుంది.

ఇంకొక మాట, నచ్చితే తీసుకోండి. ఆగ్నేయం అగ్ని స్థానం, అక్కడ నలుపు, నీలం ఎక్కువ వాడవద్దని వాస్తు చెప్పేవాళ్ళు అంటారు. మీ అత్తయ్యగారికి పట్టింపు ఉందేమో ముందే అడగండి. అన్నీ బిగించాక ఎవరో వచ్చి అంటే ఆమె మనసు కష్టపడుతుంది.

వేదాయపాళెం కోడలు
పెదనాన్న గారూ, అడిగాను. పొయ్యి తూర్పు ముఖంగా ఉంటే చాలు, రాయి రంగుతో పని లేదన్నారు అత్తయ్య. వాళ్ళ పుట్టింట్లో కూడా నల్ల బండేనట.

రాయి రంపం
ఉప్పు నీళ్ళ సంగతి ఒప్పుకుంటాను, మా యూనిట్‌లోనే చూస్తుంటాను. నలుపూ తెలుపూ కాక మధ్య దారి ఒకటుంది: స్టీల్ గ్రే గ్రానైట్. బల్లికురవ వైపు తీస్తారు, మనకు పక్కూరే. బూడిద మీద ముదురు మచ్చలు అల్లుకుని ఉంటాయి. ఉప్పు మరక, పిండి, నూనె చుక్క ఏదీ దూరానికి తెలియదు. గట్టిదనంలో దిగులు లేదు. అది కూడా అసలు సిసలు రాయే, వేడి గిన్నె దించినా ఏమీ కాదు. కాకపోతే గెలాక్సీ కంటే కొంచెం నీళ్ళు పీలుస్తుంది. రాతి మీద నాలుగు నీటి చుక్కలు వేసి కాసేపు ఉంచండి. తుడిచాక ఆ చోటు ముదురుగా కనపడితే నీళ్ళు పీల్చకుండా ఆపే సీలర్ పూయించాలి. పూసిన కొన్నాళ్ళకు చుక్క గుండ్రంగా నిలవడం మానేస్తే మళ్ళీ పూయించుకోవాలి.

లెదర్ ఫినిష్ అని గరుకుగా చేసి ఇస్తున్నారు, మరకలు ఇంకా తక్కువ కనపడతాయి. కానీ రోజూ చపాతీ పిండి, పోపు నూనె పడే గట్టుకు అది నేను చెప్పను. ఆ గుంతల్లో జిడ్డు నిలుస్తుంది. మామూలు పాలిష్ చాలు.

కావలి టీచర్
మా చుట్టాలింట్లో నానో వైట్ అనే తయారు చేసిన తెల్ల రాయి వేశారు. పాలలాగా తెల్లగా బాగానే ఉంది. అంచు దగ్గర కుక్కర్ తగిలి పెచ్చు లేచింది. పెద్ద పాత్రలు వాడే ఇంటికి నేనైతే చెప్పను.

ఒంగోలు చెక్కపని
అమ్మా, రాయి సంగతి పెద్దలు చెప్పారు, నేను చెక్క గురించి చెబుతాను. ముందు రాయి ఖాయం చేసుకోండి, తర్వాత మైకా (చెక్క మీద అతికించే షీటు) రంగు. మైకాలో వందల రంగులు దొరుకుతాయి, రాయిలో దొరకవు. చాలామంది తిరగేసి చేస్తారు, అప్పుడు రెండూ కలవవు.

మీ పాత కడప బండ అరలు పీకించొద్దు. అవి బంగారం. చెద పట్టదు, నానదు, వంద కిలోలు పెట్టినా వంగదు. వాటి ముందు ఫ్రేము కొట్టి షట్టర్లు బిగిస్తే సగం ఖర్చు మిగులుతుంది. మాడ్యులర్ పేరుతో పెట్టెలన్నీ ప్లైవుడ్‌తో చేయిస్తే మన వానాకాలం చెమ్మకు సింక్ కింది పెట్టె ముందు పోతుంది.

కొత్తగా చేసే పై కప్‌బోర్డులకు ఐఎస్ 710 గుర్తున్న, నీళ్ళకు తట్టుకునే ప్లైవుడ్ అడగండి. అది 72 గంటలు ఉడికించినా పొరలు విడిపోకూడదు, ఆ పరీక్షకు నిలిచేదే ఆ రకం. షీటు మీద ముద్ర మీరే చూసుకోండి, ఒకటి చూపించి ఇంకొకటి కొట్టకుండా పని జరిగేచోట ఒకరు ఉండండి. బరువు మోయని షట్టర్లకు హెచ్‌డీహెచ్‌ఎంఆర్ (చెమ్మకు తట్టుకునే గట్టి అచ్చు బోర్డు) చాలు, వంకర తిరగదు. ఎండీఎఫ్ (చెక్క పీచు అచ్చు బోర్డు) మాత్రం వంటింటికి తేవద్దు, నీళ్ళు తగిలితే ఉబ్బుతుంది.

దర్గామిట్ట
చెక్కపని గారితో సగం ఒప్పుకుంటాను. సింక్ కింద కడప బండ ఉండాల్సిందే. కానీ పొయ్యి కింద, తరిగే చోటు కింద డ్రాయర్లు రావాలి. లోతైన అరలో వెనకున్న గిన్నె తియ్యాలంటే నేల మీద కూర్చోవాలి, వయసు పైబడినవాళ్ళకు అది నరకం. అత్తయ్యగారి మోకాళ్ళు ఎలా ఉన్నాయి?

వేదాయపాళెం కోడలు
నొప్పులు ఉన్నాయండీ. వంగలేరు. కింది అరలో ఉన్నవన్నీ నేనే తీసిస్తుంటాను.

దర్గామిట్ట
అయితే పొయ్యి వైపు 3 అడుగుల మేర అరలు తీసేయండి, మూడు డ్రాయర్లు పెట్టించండి. మిగతా బండ అలాగే ఉంచండి. గట్టు ఎత్తు కూడా ఇప్పుడే చూసుకోవాలి. వంట చేసేవాళ్ళ మోచేతికి దాదాపు 4 అంగుళాల కిందికి గట్టు రావాలి. పొయ్యి గట్టు మీద పెట్టేదైతే దాని ఎత్తు అదనంగా కలుస్తుంది. పెద్ద కుక్కర్ మూత తీసేటప్పుడు చేతులు భుజం దాకా లేపాల్సి వస్తే ఆవిరి ముఖానికి కొడుతుంది. మీరిద్దరూ నిలబడి కొలిపించుకోండి.

ఒంగోలు చెక్కపని
అది నిజమే, డ్రాయర్ల మాట బాగుంది. మోకాళ్ళ నొప్పులున్న ఇంట్లో అలాగే చెయ్యాలి. రన్నర్లు, కీళ్ళు మాత్రం మంచివి తీసుకోండి, సముద్రగాలికి మామూలువి తుప్పు పడతాయి. 304 రకం స్టెయిన్‌లెస్ స్టీల్ కీళ్ళు అడగండి. మొత్తం ఖర్చులో అది పెద్ద తేడా కాదు, కానీ రోజూ చెయ్యి పడేది వాటి మీదే.

మైపాడు గాలి
తుప్పు సంగతికి నేను సాక్ష్యం. సముద్రానికి దగ్గర మా ఇల్లు. మామూలు కీళ్ళు రెండేళ్ళు నిలవలేదు.

రంగుల గురించి: ముదురు రంగు మాట్ షట్టర్ల మీద నూనె చేతి గుర్తులు బాగా కనపడతాయి, తుడిస్తే ఇంకా పాకుతాయి. గ్లాసీ అయితే తుడవడం తేలిక, గీతలు పడతాయి. లేత రంగు మాట్‌లో రెండు బాధలూ తక్కువ. తెల్ల పీయూ (పాలీయురేథేన్) పెయింట్ మాత్రం పొయ్యి దగ్గర కొన్నాళ్ళకు పసుపెక్కుతుంది.

వేదాయపాళెం కోడలు
అందరి మాటలూ అత్తయ్యకు చదివి వినిపించాను. ఒక చిన్న పని చేశాం. రాళ్ళ షాపు నుంచి గెలాక్సీ, స్టీల్ గ్రే, తెల్ల క్వార్ట్జ్ ముక్కలు అడిగి తెచ్చాం. ఒక్కోదాని మీద బోరు నీళ్ళ చుక్కలు, పులుసు చుక్కలు వేసి రాత్రంతా వదిలేశాం. పొద్దున గెలాక్సీ మీద పులుసు తుడిస్తే పోయింది, నీళ్ళ ఉంగరాలు మాత్రం అంబాపురం అక్క చెప్పినట్టే ఉన్నాయి. క్వార్ట్జ్ మీద పసుపు నీడ మిగిలింది. స్టీల్ గ్రే మీద మరక ఎక్కడుందో అత్తయ్య కళ్ళద్దాలు పెట్టుకుని వెతికారు. ఆమె అంతట ఆమే “ఇదే తెప్పించు” అన్నారు. రాయి మన ఊరి పక్కదే కాబట్టి ఆమెకు సంతోషం, నలుపు కాదు కాబట్టి నాకూ సంతోషం.

ఇప్పుడు కప్‌బోర్డుల రంగు. బూడిద రాయి మీద లేత బూడిద షట్టర్లు పెడితే బాగుంటుందా?

దర్గామిట్ట
ఆ గదిలో వద్దు. ఎండ తగలని గదిలో బూడిద మీద బూడిద వేస్తే ఎప్పుడు చూసినా మబ్బు పట్టినట్టు ఉంటుంది. రాయిలో చల్లని రంగు ఉంది కాబట్టి చెక్కలో వెచ్చని రంగు తీసుకోండి. పైన వెన్న రంగు లేక ఐవరీ, కింద లేత టేకు చెక్క ఛాయ. కింద నీళ్ళు, కాళ్ళు, చీపురు తగులుతుంటాయి. చెక్క గీతలున్న మైకా ఆ మురికిని కనపడనివ్వదు. గోడ టైల్స్ కూడా ఐవరీలోనే, పెద్ద సైజు తీసుకోండి. సందులు తక్కువైతే పోపు జిడ్డు పట్టే చోటు తక్కువ. సందులు నింపడానికి రెసిన్‌తో చేసిన ఎపాక్సీ గ్రౌట్ పెట్టించండి, పసుపు పట్టదు.

అరచేతిలో పట్టే శాంపిల్ చూసి మైకా ఖాయం చెయ్యొద్దు. షాపువాళ్ళని అడిగితే పెద్ద ముక్క ఇస్తారు. రాయి ముక్క పక్కన నిలబెట్టి, పగలొకసారి, రాత్రి లైటు వేసి ఒకసారి చూడండి. షాపు లైట్లలో ఐవరీ అనిపించింది మీ ఇంట్లో పసుపుగా కనపడొచ్చు.

మార్కాపురం అమ్మాయి
రంగుల మధ్యలో ఇంకో మాట చెప్పాలని ఉంది. మా ఊళ్ళో పలకల పని చేసి ఊపిరితిత్తులు దెబ్బతిన్న కుటుంబాలు ఎన్నో. రాతి పొడిలో ఉండే సిలికా దుమ్ము లోపలికి పోతే ఇక బయటికి రాదు. క్వార్ట్జ్‌లో అది మరీ ఎక్కువ, అందుకే ఆస్ట్రేలియాలో 2024 జూలై 1 నుంచి ఆ రాయినే నిషేధించారు. గ్రానైట్ కోసినా దుమ్ము దుమ్మే. సింక్ కటింగ్, పొయ్యి కటింగ్ ఇంట్లో పొడిగా కోయనివ్వకండి. యూనిట్‌లోనే నీళ్ళు పోస్తూ కోయించి తెప్పించండి. ఇంట్లో ఏదైనా చిన్న సవరణ తప్పకపోతే నీళ్ళు పోసే మనిషిని పెట్టండి, కోసే అబ్బాయికి మంచి మాస్కు కొనివ్వండి. ఆ కాస్త ఖర్చు మనం భరించాల్సిందే.

రాయి రంపం
తల్లీ, ఈ మాట చెప్పినందుకు నీకు దండం. ఇళ్ళలో పని త్వరగా అవ్వాలని పొడిగా కోయమంటారు, మావాళ్ళు కాదనలేరు. ఇంటివాళ్ళే అడిగితే మాకు బలం.

వేదాయపాళెం చెల్లెమ్మా, కొలతలు తీసుకునేటప్పుడు నువ్వు దగ్గర ఉండు. సింక్, పొయ్యి ముందే కొని పెట్టుకుంటే వాటిని చూసి కోస్తారు, కాగితం మీద కొలతతో వద్దు. సింక్ ముందు వైపు కనీసం రెండున్నర అంగుళాల రాయి మిగలాలి, తక్కువైతే మోసేటప్పుడే విరుగుతుంది. అతుకు పెట్టాల్సి వస్తే సింక్ దగ్గర పెట్టనివ్వొద్దు. మందం 18 నుంచి 20 మిల్లీమీటర్లు ఉందో లేదో టేపు పెట్టి చూడు. ముందంచు హాఫ్ రౌండ్ చేయించు, పదునుగా ఉంటే పెచ్చులు లేస్తాయి.

వేదాయపాళెం కోడలు
అన్నా, అన్నీ రాసుకున్నాను. మార్కాపురం చెల్లీ, కోతంతా యూనిట్‌లోనే అని మేస్త్రితో మాట్లాడేశాం. పైన ఐవరీ, కింద లేత టేకు ఖాయం. ఒక చివరి సందేహం: గట్టు మీద నీళ్ళు అంచు నుంచి కారి కింద షట్టర్ల మీద పడుతుంటాయి కదా, కొత్త చెక్క నానకుండా ఏం చెయ్యాలి?

రాయి రంపం
గట్టు రాయి షట్టర్ కంటే ఒక అంగుళం ముందుకు రావాలి. ఆ ముందుకొచ్చిన భాగానికి అడుగున పొడవునా సన్నని గాడి కోయించు. అంచు నుంచి జారిన నీరు గాడి దగ్గర ఆగి నేల మీద పడుతుంది, చెక్క దాకా పాకదు. గాడి కూడా యూనిట్‌లోనే, బిగించకముందే కోయాలి. ఆర్డర్ కాగితం మీద అది రాయించుకో, నోటి మాటగా వదిలేస్తే మర్చిపోతారు.